దేవుడి పటం ముందు పెట్టిన రక్తం

రిపోర్టులో నంబరు తగ్గిందని ఎవరైనా నవ్వుతూ చెబితే నాకు గుండెలో దడ మొదలవుతుంది. రిటైరై ఇన్నేళ్లయినా ఈ జబ్బు వదల్లేదు. మొన్న మా చెల్లెలు విషజ్వరంతో ఆసుపత్రిలో పడి ఉంటే డాక్టరమ్మ వచ్చి, రక్తం రిపోర్టు బాగుంది, ఇక భయం లేదని చెప్పిపోయింది. అందరూ దేవుడికి దండం పెట్టుకున్నారు. నేను మాత్రం చెల్లెలి కంటి రెప్ప కిందికి లాగి చూసి, గోళ్లు చూసి, ఈ రోజు ఏ వారమో చెప్పమని దాన్ని వేధించాను. పెద్దమ్మకు చాదస్తమని పిల్లలు నవ్వుకున్నారు. నవ్వుకోనీ. మీలో ల్యాబు పనిలో కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇది చదివాక నవ్వండి.

అవి కరువు ఏళ్లు. కర్ణాటక అంచున తెలుగు మాట్లాడే పావగడలో ఒక చిన్న ఆసుపత్రిలో నేను రక్తపరీక్షలు చేసేదాన్ని. ఆసుపత్రి పేరూ మనుషుల పేర్లూ చెప్పను. పోయినవాళ్లు పోయారు, ఉన్నవాళ్లను ఇప్పుడు కెలకడం ఎందుకు? ల్యాబు అనగానే మీరిప్పుడు చూసే ఏసీ గదులను ఊహించుకోకండి. మాది వంటగది వెనక ఒక గది. ఒక మైక్రోస్కోపు, రంగు చిక్కదనాన్ని కొలిచే పాత కలరీమీటరు, కిరోసిన్ స్టవ్ మీద గోరువెచ్చటి నీళ్ల గిన్నె, అందులో ఒక థర్మామీటరు. కరెంటు ఉంటేనే కలరీమీటరు పనిచేసేది. పావగడలో కరెంటు ఎప్పుడొస్తుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపుపచ్చటి నీళ్లను సీరమ్ అంటాం. దాన్ని గాజు గొట్టంలోకి నోటితో పీల్చి కొలిచేవాళ్లం. ఒకసారి కామెర్ల రోగి సీరమ్ నా నాలుక దాకా వచ్చింది. ఉమ్మేసి, ఉప్పునీళ్లతో పుక్కిలించి, ఎవరికీ చెప్పకుండా చాలా రోజులు పొద్దున్నే లేచి అద్దంలో కళ్లు చూసుకున్నాను. అద్దం దగ్గర ఇంతసేపేమిటని మా ఆయన ఎగతాళి చేసేవాడు. నేను నవ్వేసి, ఆయన అటు పోయాక మళ్లీ కళ్లు చూసుకునేదాన్ని.

మా డాక్టరుగారిది ధారవాడ వైపు, కన్నడ మనిషి. తెలుగు అర్థమయ్యేది, మాట్లాడబోతే నాలుక తిరిగేది కాదు. జేబులో ఎప్పుడూ వేయించిన వేరుశనగ గింజలుండేవి. కోపం వస్తే గింజలు నములుతూ తిట్టేవారు, కోపం తగ్గితే అవే గింజలు మా చేతిలో పోసేవారు. మనిషి మంచివాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వేరుశనగ పైరు పూతలోనే మాడిపోయింది. నాగలమడిక పక్కన ఉత్తర పినాకిని ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్లను చెంబులతో తోడుకునేవాళ్లు. మనుషులకూ అదే ఇసుక, మేకలకూ అదే ఇసుక, బహిర్భూమికీ అదే ఇసుక. కామెర్లు అక్కడి నుంచే మొదలయ్యాయి. మొదట ఒకరిద్దరు వచ్చారు. తరువాత ఆ వైపు నుంచి ఏ బస్సు వచ్చినా పచ్చబడిన కళ్లతో ఎవరో ఒకరు దిగేవాళ్లు. కాలేయానికి పట్టే వైరస్ అన్నారు డాక్టరు. అది ఏ వైరసో చెప్పే పరీక్ష మా దగ్గర లేదు. చాలామందికి దానంతటదే తగ్గిపోతుందనీ, కడుపుతో ఉన్నవాళ్లకు వస్తే మాత్రం తనకు భయమనీ అన్నారు. ఆయన నోట భయమనే మాట వినడం నాకదే మొదలు.

మేం చూడగలిగినవి ముఖ్యంగా రెండు. ఒకటి బిలిరుబిన్. కళ్లనూ ఒంటినీ పచ్చబరిచేది అదే. అది పెరిగితే కామెర్లు ముదిరినట్టు, తరిగితే తగ్గినట్టు. రెండోది ఎస్‌జీపీటీ. కాలేయంలో కణాలు పగిలితే అది రక్తంలోకి వస్తుంది. రెండూ దిగుతూ ఉంటే రోగి కోలుకుంటున్నట్టు లెక్క. పుస్తకం అలాగే చెప్పింది, మేమూ అలాగే నమ్మాం.

నాగలమడిక అవతల ఒక పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చిన్న పిల్ల, తొలిచూలు, ఏడో నెల. వెంట అత్త. భర్త కూలిపనికి బెంగళూరు పోయాడు. కళ్లు పచ్చబడ్డాయి గాని పిల్లలో హుషారు తగ్గలేదు. నేను రక్తం తీస్తుంటే మొహం అటు తిప్పుకుని, "ఇంత రక్తం గుంజినావు గదక్కా, ఈ పొద్దు ఇంకొక ముద్ద ఎక్కువ పెట్టమని మా అత్తకు నువ్వే చెప్పల్ల" అంది. అత్త నవ్వి, ఈ మహాతల్లికి ముద్ద ఎప్పుడు తక్కువైందో అడగమంది. కోడలంటే ఆమెకు ప్రాణం. అది చూడగానే తెలిసిపోయేది.

డాక్టరు ఆసుపత్రిలో ఉండమన్నారు. అత్త ఒప్పుకోలేదు. ఊళ్లో ఆకుమందు మొదలుపెట్టారు, అది పరగడుపున పడాలి, ఉప్పూ నూనె తగలకూడదు, ఆ పథ్యం ఇక్కడెవరు చూస్తారని ఆమె వాదన. డాక్టరు గింజలు నములుతూ కాసేపు అరిచారు. చివరికి ఇద్దరూ ఒక మెట్టు దిగారు. అమ్మాయి ఇంటి దగ్గరే ఉంటుంది. ఆ పల్లె నర్సమ్మ రోజు విడిచి రోజు రక్తం తీసి పొద్దుటి బస్సులో పంపుతుంది. నంబరు ఏ మాత్రం పెరిగినా మనిషిని వెంటనే తీసుకురావాలి. అంటే ఆ పిల్ల ఇంట్లో ఉండాలా, ఆసుపత్రికి రావాలా అనేది నా నంబరు మీదే నిలబడింది.

నర్సమ్మ పెన్సిలిన్ ఇంజక్షన్ ఖాళీ సీసాను కడిగి, ఆరబెట్టి, అందులో రక్తం పోసి పంపేది. అప్పట్లో మాకందరికీ అదే అలవాటు. మొదటి సీసాను కండక్టరు తన తోలు సంచిలో చిల్లరతో పాటు వేసుకుని వచ్చాడు. మూత ఊడి సగం రక్తం సంచి పాలైంది. బస్సు డ్రైవరు అది చూసి కండక్టరును చెడామడా తిట్టాడు. నడివయసు మనిషి, నుదుటి మీద పెద్ద బొట్టు, బస్సెక్కే ముందు స్టీరింగుకు దండం పెట్టుకోనిదే తాళం తిప్పడు. రెండోసారి సీసాను తానే తీసుకువచ్చి నా చేతిలో పెట్టాడు. సీసా మెడకు చామంతి రెక్క ఒకటి అంటుకుని ఉంది.

"ప్రాణం ఉండే వస్తువు గదమ్మా ఇది. చిల్లరలో పడేసేదా? అద్దం ముందర మా స్వామి పటం కాడ పెట్టుకొని వచ్చినా. దేవుడు చూసుకుంటాడు" అన్నాడు.

ఎంత బుద్ధిమంతుడు అనుకున్నాను. కండక్టరుకు నువ్వైనా బుద్ధి చెప్పన్నా అని మెచ్చుకున్నాను కూడా. ఆ రోజు నుంచి సీసా దేవుడి పటం ముందరే ప్రయాణం చేసింది. ఆ బస్సు సంగతి మీకు చెప్పాలి. దారిలో ప్రతి ఊళ్లోనూ ఆగేది. పండిన నాలుగు వేరుశనగ మూటలు టాపు మీదికి ఎక్కేదాకా, కూలికి పోయేవాళ్లు పిల్లాజెల్లాతో వచ్చేదాకా నిలబడేది. అద్దం ముందర ఎండ ఫెళఫెళలాడుతూ ఉండేది.

నంబర్లు దిగడం మొదలుపెట్టాయి. బిలిరుబిన్ మొదటిసారి కంటే తగ్గింది, తరువాత ఇంకొంచెం తగ్గింది. మొదట్లో ఆకాశానికంటిన ఎస్‌జీపీటీ కూడా దిగుతూ వచ్చింది. డాక్టరు కాగితం చూసి "కమ్మి ఆగేతి" అనేవారు. తగ్గిందని అర్థం. బయట కాచుకుని ఉన్న డ్రైవరు ఆ మాట విని, సాయంత్రం బస్సులో పోయి పల్లెలో అత్తకు చెప్పేవాడు. ఆమె ఆ రాత్రికి హాయిగా నిద్రపోయేదట.

ఒక్క సంగతి నాకు వింతగా కనిపించింది. సీసాలో సీరమ్ పసుపుగా కాకుండా కొంచెం ఆకుపచ్చ ఛాయగా ఉండేది. డాక్టరుకు చూపించాను. ఆకుమందు పసరు గిన్నెలకు గిన్నెలు తాగిస్తున్నారు, రక్తం పచ్చబడక ఏమవుతుందని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. పసరు తాగితే సీరమ్‌కు రంగు రాదని ఆయన మెడిసిన్‌లోనూ చదివారు, నా ట్రైనింగులో నేనూ చదివాను. నంబరు మంచిదైతే మనిషికి చదువు గుర్తుండదు.

ఆ రోజు సరిగ్గా మిట్టమధ్యాహ్నం. డ్రైవరు ఎప్పటిలాగే సీసా తెచ్చి నా చేతికిచ్చాడు గాని వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఈ పొద్దు మనిషిని కూడా తెచ్చినానమ్మా అన్నాడు. అతని వెనక నర్సమ్మ, అత్త చెరొక రెక్క పట్టుకుని ఆ పిల్లను నడిపించుకుని వస్తున్నారు. పొద్దున రక్తం తీసి పంపాక పిల్ల అదోలా మాట్లాడుతోందని భయపడి, కదలబోతున్న బస్సును ఆపి ఎక్కించారట.

పసుపుకొమ్ము అరగదీసి పూసినట్టుంది ఒళ్లంతా. గోళ్లు కూడా పచ్చగా ఉన్నాయి. నన్ను గుర్తుపట్టలేదు. కొంగు అంచును వేళ్లతో పీకుతూ, "బిందె నిండిందా?" అని అడిగింది. నిండిందమ్మా అన్నాను. ఒక క్షణం ఆగి మళ్లీ, బిందె నిండిందా అంది. ముద్ద ఎక్కువ పెట్టమన్న పిల్లేనా ఇది అనుకున్నాను.

అదృష్టమో దురదృష్టమో, కరెంటు ఉంది. సీసాలోని రక్తం పరీక్ష చేశాను. బిలిరుబిన్ మొన్నటికంటే తక్కువ వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ తక్కువే. కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన కాగితం చూశారు, పిల్ల కళ్లు చూశారు, మళ్లీ కాగితం చూశారు. ఎవరి రక్తం పంపావని నర్సమ్మ మీద విరుచుకుపడ్డారు. పాపం నర్సమ్మ ఏడ్చేసింది. "నా చేతులతో నేనే తీసినా సార్. ఇంకెవరిది తీస్తా?" అంది.

నేను అక్కడికక్కడే కొత్తగా రక్తం తీశాను. గడ్డకట్టేదాకా ఆగకుండా, చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజులో తిప్పి సీరమ్ పైకి తేల్చి పరీక్ష చేస్తే బిలిరుబిన్ సీసాలో ఉన్నదానికి మూడింతలు దాటింది. రెండు సీరమ్‌లనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకే మనిషి, ఒకే పొద్దు. ఒకటి తంగేడు పూలు నానబెట్టిన నీళ్లలా చిక్కటి పసుపు. రెండోది వెలవెలబోతూ ఆకుపచ్చ ఛాయ. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒక బస్సు ప్రయాణమే. ఎండలో పెడితే బిలిరుబిన్ విరిగిపోతుందని, సీసాను చీకట్లో ఉంచాలని ట్రైనింగులో ఎప్పుడో ఒక మూల చెప్పిన మాట అప్పుడు గుర్తుకొచ్చింది.  చేతిలో మిగిలిన కొత్త సీరమ్‌లో కొంచెం ఒక ఖాళీ సీసాలో పోసి కిటికీ మీద ఎండలో పెట్టాను.

ఇంతలో అత్త పిలిచింది. నేను సూది గుచ్చిన చోట అదిమిన దూది పూర్తిగా తడిసిపోయింది. కొత్త దూది పెట్టాను. అదీ తడిసింది. సన్నగా, ఆగకుండా కారుతోంది.

రక్తం గడ్డకట్టే శక్తిని సరిగా కొలిచే మందులు మా దగ్గర లేవు. ఉన్నది పాతకాలం పద్ధతి ఒక్కటే. శుభ్రమైన గాజు గొట్టంలో రక్తం పోసి, ఒంటి వేడికి సమానమైన వేడిలో ఉంచి, అప్పుడప్పుడూ వంచి చూడటం. గొట్టం వంచినా రక్తం జారకపోతే గడ్డకట్టినట్టు. స్టవ్ వెలిగించి నీళ్లు కాచే ఓపిక నాకు లేదు. ఆ పిల్ల రక్తం మళ్లీ కొంచెం తీసి గొట్టంలో పోసి, దాన్ని గుప్పిట్లో పెట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను. డాక్టరు తన గడియారం చూస్తున్నారు.

వంచాను. జారింది. కాసేపాగి మళ్లీ వంచాను. నీళ్లలా జారింది. మామూలు మనిషి రక్తం పేరుకోవలసిన సమయం దాటిపోయింది.  చేతిలో ఉన్నది ఆ పిల్ల ప్రాణమే అనిపించింది, గట్టిగా పట్టుకోవడానికి కూడా భయమేసింది.

అత్త నా గుప్పిటనే చూస్తోంది. "ఏందమ్మా, ఆ రక్తాన్ని చేతిలో పెట్టుకొని ఏం చూస్తాండావు?" అంది.

"గడ్డ కడతాదేమోనని పెద్దమ్మా."

"కట్టకపోతే?"

 మళ్లీ వంచాను. జారింది. ఆమె నా మొహం చూసి కోడలి కాళ్ల దగ్గర కూలబడింది.

డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి మెల్లగా చెప్పారు. గడ్డకట్టించే పదార్థాన్ని తయారుచేసేది కాలేయమే. అది ఆ పని మానేసింది. ఎస్‌జీపీటీ దిగింది కాలేయం కోలుకుని కాదు, పగలడానికి ఇక కణాలు మిగలక. బిలిరుబిన్ పెరుగుతూ ఎస్‌జీపీటీ దిగితే ఆయన మొదటి రోజే పట్టేసేవారు. మాకు మాత్రం రెండూ చేతులు కలుపుకుని దిగాయి. ఒకదాన్ని కాలేయం దించింది, ఇంకోదాన్ని ఎండ దించింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి గింజలు తీశారు గాని నోట్లో వేసుకోలేదు. పిడికిట్లోనే ఉంచుకున్నారు.

రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె ఇంజక్షన్ ఉంటే అది ఇచ్చి, తన జీపులోనే బెంగళూరు పెద్దాసుపత్రికి పంపారు. నర్సమ్మ తోడు పోయింది. జీపు కదులుతుంటే ఆ పిల్ల మళ్లీ బిందె మాట అడగడం నాకు వినిపించింది. నిండిందమ్మా, నిండింది, పండుకో అని అత్త చెబుతోంది. నేను గదిలోకి వచ్చి కిటికీ మీది సీసాను చేతిలోకి తీసుకున్నాను. చిక్కటి పసుపు వెలిసిపోయింది. అడుగున ఆకుపచ్చ ఛాయ. దాన్ని డాక్టరు బల్ల మీద పెడితే ఆయన ఎత్తి వెలుతురులో చూశారు. అదే ఛాయను చూసి పసరని నవ్వినవాళ్లం ఇద్దరమూ అక్కడే ఉన్నాం.

మరునాడు ఫోను వచ్చింది. తల్లీ దక్కలేదు, కడుపులో బిడ్డా దక్కలేదు. నాలుగు రోజుల ముందు తెచ్చి ఉంటే ఏమో అని అక్కడి డాక్టరు అన్నారట. ఆ ఏమో అనే మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

ఏడవడానికి తీరిక లేదు. ఆ పల్లెలో ఇంకా కడుపుతో ఉన్నవాళ్లున్నారు, చెలమ నీళ్లే తాగుతున్నారు. డాక్టరు చెలమల్లో వేయడానికి బ్లీచింగు పొడి పంపే ఏర్పాటు చూశారు. నేను నల్లగుడ్డ ముక్కలు కత్తిరించి పెట్టుకున్నాను. డ్రైవరు వచ్చినప్పుడు, ఇక నుంచి సీసాకు ఈ గుడ్డ చుట్టి, అద్దం ముందర కాకుండా నీడలో పెట్టి తెమ్మన్నాను. అతను గుడ్డ తిప్పి చూసి, దిష్టికా అమ్మా అని అడిగాడు. ఊ అన్నాను. ఆ పిల్ల పోయిందని విన్నప్పటి నుంచి అతని మొహంలో కళ లేదు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మళ్లీ వారం తిరక్కుండానే ఆ పల్లె నుంచి ఇంకో గర్భిణి రక్తం వచ్చింది. డ్రైవరు సీసాను నల్లగుడ్డలో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. సీసా అతని ఒంటి వేడితో వెచ్చగా ఉంది. కలరీమీటరులో నంబరు మళ్లీ ఒకసారి చూశాను. అంత ఎక్కువ నంబరు. కాగితం పట్టుకుని పరుగెత్తుకుంటూ పోయాను. డాక్టరు ఆ బస్సు తిరిగి బయలుదేరేలోగా చీటీ రాసి, మనిషిని తక్షణం తెమ్మని కబురు పంపారు. ఆమెను చాలా రోజులు పెద్దాసుపత్రిలో ఉంచారు. గండం గడిచింది. పసిబిడ్డను ఎత్తుకుని అదే బస్సులో పల్లెకు పోయింది.

ఆమెను దింపి వచ్చిన మరునాడు డ్రైవరు ల్యాబు గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆ పొద్దు సీసా ఏమీ తేలేదు. ఏంది అన్నా అని అడిగాను.

"ఈయమ్మికి ముందే తెలిసిపాయ. ఆయమ్మికి ఎందుకు తెలీలేదమ్మా?" అన్నాడు.

నేను బల్ల తుడుస్తూ ఉండిపోయాను. అతను జేబులోంచి నల్లగుడ్డ తీసి మడత విప్పాడు.

"ఇది దిష్టికి కాదు గదా. ఎండకు గదా?"

అబద్ధం ఆడడానికి ఇక నాకు శక్తి లేదు. అవునన్నాను.

 అతను గుడ్డను మళ్లీ మడత పెడుతూ అన్నాడు. "మా స్వామి పటం యేటికొక తూరి మారుస్తానమ్మా. ఎండకు రంగు ఎలిసిపోయి మొగం కూడా కనపడదు. అది తెలిసీ ఆడ్నే పెట్టినా."

నీకొక్కనికేనా అన్నా, చదువుకున్న మాకే తోచలేదు, తప్పు మా అందరిదీ అన్నాను. ఇంకా ఏవేవో చెప్పాను.

"మీరు కాగితం మీద రాసినారు" అన్నాడు. "ఆ యత్త ఎదురుచూస్తా కూచోనుంటే, పోయి తగ్గిందని చెప్పింది నేను గదమ్మా."

కండక్టరు వచ్చి టైమైందని పిలిచాడు. అతను చెప్పులు వేసుకుని పోయి బస్సెక్కాడు. బస్సు నాగలమడిక వైపే పోవాలి. ఆ అత్త ఇల్లు దారి పక్కనే.